సరదా నవల తర్వాత చీకటి నవల చదివితే రివ్యూ గాడి తప్పుతోంది, ఏం చేయాలి?

వరసచదువరి:

అందరికీ నమస్కారమండీ. ప్రేమనవలల మీద రివ్యూలు రాసేవాళ్లకి ఒక ప్రశ్న.

నవ్విస్తూ పరిగెత్తే నవల ముగించిన వెంటనే రహస్యాలు, అపరాధభావం నిండిన నవల మొదలుపెడితే రెండోది అతి చేస్తున్నట్టు ఉంటుంది. అదే వరస తిరగేస్తే ఆ సరదా నవల కాస్తా తేలిపోతుంది. ఇక మాటా పలుకూ లేకుండా నిదానంగా నడిచే ప్రేమకథ ఈ రెంటి తర్వాత వచ్చిందంటే పేజీ కదలదు. పుస్తకాలు అవే, స్టార్లు మాత్రం చదివిన వరసను బట్టి మారిపోతున్నాయి. ఇది పుస్తకానికి అన్యాయం, రివ్యూ నమ్మి చదివేవాళ్లకీ అన్యాయమే.

తప్పు పుస్తకంలో ఉందా, చదివేవాళ్ల మూడ్‌లో ఉందా అని తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా? హీరో ప్రవర్తన మీద కోపం వస్తే దాన్ని ఉపన్యాసంగా మారనివ్వకుండా ఎలా రాయాలి? కథ బయటపెట్టకుండా "చివర్లో చెడింది" అని ఎలా చెప్పాలి? ఉదాహరణలు ఇస్తే ప్రైడ్ అండ్ ప్రెజుడిస్, జేన్ ఐర్, పర్స్యుయేషన్ లాంటి పాతవాటి నుంచే ఇవ్వండి. వాటి కథ తెలిసిపోతుందన్న బెంగ ఎవరికీ ఉండదు, పైగా మూడూ మూడు రకాలు.

అంచుగీత:

మంచి ప్రశ్న అడిగారు. నా మటుకు నాకు రివ్యూలో మొదట తేల్చాల్సింది "నచ్చిందా" అన్నది కాదు, "ఈ నవల ఏ టోన్‌లో మాటిచ్చింది, ఆ మాట మీద నిలబడిందా" అన్నది. మాటివ్వడం దాదాపు ఎప్పుడూ మొదటి పదో వంతు పేజీల్లోనే జరిగిపోతుంది. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ (1813) మొదటి అధ్యాయం దాదాపు అంతా హీరోయిన్ అమ్మానాన్నల, అంటే మొగుడూ పెళ్లాల సంభాషణే. ఆయన మాట విరుస్తాడు, ఆవిడకి అర్థం కాదు, మనకి అర్థమవుతుంది. అంటే ఈ కథలో మాటే ఆయుధం, మనం రచయిత్రి పక్కన నిలబడి చూస్తాం అని ఒప్పందం కుదిరిపోయింది. జేన్ ఐర్ (1847) మొదటి అధ్యాయంలో బయట వాన, తెర చాటున ఒక పిల్ల, ఆ పిల్ల తల మీదకి విసిరిన పుస్తకం, నెత్తురు. అక్కడ జోకులు లేవని ఫిర్యాదు చేసే హక్కు మనకి లేదు.

కాబట్టి పదో వంతు చదవగానే ఆగి ఒకే ఒక వాక్యం రాసుకోండి: ఈ నవల నాకు ఏం ఇస్తానంటోంది? తర్వాత సగం దగ్గర ఒకసారి, ముప్పావు దాటాక ఒకసారి, అయిపోయాక ఒకసారి. ప్రతిచోటా ఒక్క లైను: ఏమనిపించింది, ఏ వాక్యం దగ్గర అనిపించింది. పేజీ నంబరు తప్పనిసరి. అంతకంటే ఎక్కువ రాస్తే చదవడం ఆగిపోయి రివ్యూ మొదలవుతుంది, అది ఇంకో జబ్బు. మూడ్ వల్ల వచ్చిన విసుగుకి పేజీ నంబరు దొరకదు, పుస్తకమంతా ఒకేలా విసుగ్గా ఉంటుంది. పుస్తకం వల్ల వచ్చిన విసుగైతే "ఇదిగో ఈ సీను నుంచి" అని వేలు పెట్టి చూపించవచ్చు. పుస్తకమంతా ఒకేలా విసుగ్గా ఉంటే మూసి పక్కన పెట్టండి, వేరే రకం ఏదైనా, ప్రేమనవల కానిది, ఒకటి చదివాక మళ్లీ తెరవండి.

సరదా నవలలు ఎక్కువగా దెబ్బతినేది ముప్పావు దగ్గర. అప్పటిదాకా చిలిపి మాటలతో నడిచిన ఇద్దరినీ అక్కడ విడదీయాలి కదా. రచయిత చేతిలో సరైన కారణం లేకపోతే ఏదో ఫోన్ సంభాషణ సగం వినిపించి అపార్థం పుట్టిస్తారు. ఒక్క ప్రశ్న అడిగితే తీరిపోయే గొడవకి యాభై పేజీల కన్నీళ్లు. ప్రహసనంలో అపార్థం చెల్లుతుంది, కానీ పొట్టిగా ఉండాలి, నవ్వు పుట్టించాలి. దాన్ని ఏడుపుకి వాడితేనే టోన్ విరిగేది. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ రాసిన జేన్ ఆస్టిన్ ఎలా తప్పించుకుందో చూడండి: హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్‌ని మొదటిసారి పెళ్లి అడిగేది 61 అధ్యాయాల్లో 34వ దాంట్లో, అంటే సగం దాటగానే. పెద్ద గొడవ అక్కడే, ముఖాముఖి, ఎలిజబెత్ చేతిలో నిజమైన కారణాలతో. ఆ తర్వాత 46లో ఆమె చెల్లెలు లిడియా లేచిపోయిన వార్త వచ్చి కథ నల్లబడుతుంది. అంత నలుపులోనూ 48లో వాళ్ల చుట్టం కాలిన్స్ పరామర్శ ఉత్తరం వస్తుంది, ఇంతకంటే మీ అమ్మాయి చచ్చిపోయినా మేలు అన్న ధోరణిలో. క్రూరంగా ఉంటుంది, నవ్వూ వస్తుంది. కథ బరువెక్కింది కానీ గొంతు మారలేదు. రివ్యూలో "టోన్ నిలబడింది" అని రాయాలంటే చూపించాల్సింది ఇలాంటి చోటు.

చిలిపి సంభాషణ బాగుందో లేదో తేల్చడానికి ఇంకో చిన్న పరీక్ష. పది లైన్ల సంభాషణ తీసుకుని, ఎవరు అన్నారో చెప్పే మాటలు అట్టముక్కతో మూసేయండి. ఏ లైను ఎవరిదో తెలియకపోతే అది రచయిత ఒక్కరే తనతో తాను మాట్లాడుకోవడం. ఇద్దరూ తెలివైనవాళ్లే అయినా తెలివి ఒకేరకంగా ఉండదు కదా. ఎలిజబెత్ ఆటపట్టిస్తుంది, డార్సీ నిర్వచనాలు ఇస్తాడు. మూసినా తెలిసిపోతుంది.

కిటికీపక్క:

అంచుగీత గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ చీకటి నవలలకి "మాట మీద నిలబడిందా" అన్న ఒక్క కొలత చాలదండీ. హింసని మాటిచ్చి హింసే ఇచ్చిన నవల మాట నిలుపుకున్నట్టే లెక్క. అయినా చదివేవాళ్లకి ఒళ్లు మండవచ్చు, ఆ మంట న్యాయమైనదే కావచ్చు.

హీరో ప్రవర్తన గురించి అడిగారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. కోపం వచ్చినప్పుడు మూడు చూడండి. ఆ పని తప్పని పుస్తకానికి తెలుసా? హీరోయిన్‌కి బయటికి వెళ్లే దారి ఉందా, ఆ దారికి ఖరీదు పెట్టారా? చివర్లో ఇద్దరి మధ్య బలాబలాలు మారాయా, లేక క్షమాపణ ఒక్కటే మారిందా?

జేన్ ఐర్‌కి పెట్టి చూద్దాం. జేన్ పనిచేసే ఇంటి యజమాని రోచెస్టర్ తనకి పెళ్లయిన సంగతి దాస్తాడు, సోది చెప్పే ముసలిదాని వేషం కట్టి జేన్ మనసు లాగాలని చూస్తాడు, 26వ అధ్యాయంలో పెళ్లి పీటల దాకా తీసుకెళతాడు. పుస్తకానికి తెలుసా? తెలుసు, 27లో జేన్ వెళ్లిపోతుంది. దారికి ఖరీదుందా? ఉంది. చేతిలో ఇరవై షిల్లింగులు, అవి బండికే సరి. 28లో ఆకలికి తట్టుకోలేక పందికి వేయబోయే గంజి అడిగి తింటుంది. చాలా చీకటి నవలల్లో హీరోయిన్ "వెళ్లిపోతాను" అంటుంది కానీ ఆ రాత్రి ఎక్కడ పడుకుందో, ఏం తిన్నదో రచయిత చెప్పరు. చెప్పకపోతే వెళ్లిపోవడం బెదిరింపుగానే మిగులుతుంది. ఇక బలాబలాలు: జేన్‌కి ఇరవై వేల పౌండ్ల ఆస్తి వస్తుంది, నలుగురిలో పంచి ఐదు వేలు ఉంచుకుంటుంది. రోచెస్టర్ చూపు పోయింది, ఒక చేయి పోయింది. యజమాని, జీతగత్తె అన్న లెక్క పూర్తిగా తిరగబడ్డాకే ఇద్దరూ కలుస్తారు. రచయిత్రి షార్లెట్ బ్రాంటీ ఇంత జాగ్రత్తపడింది కాబట్టే ఆ ముగింపు మింగుడుపడుతుంది.

అలాగని అంతా బాగున్నట్టు రాయకండి. రోచెస్టర్ దాచిన భార్య బెర్తా తన వైపు కథ చెప్పుకునే చోటు ఆ నవలలో ఒక్కటీ లేదు. ఆమె గురించి మనకి తెలిసినదంతా ఆమెని బంధించిన మనిషి నోటి నుంచే ఎక్కువగా వింటాం. జేన్ కోసం గుండె కొట్టుకోవడం, బెర్తా కోసం ఇబ్బందిపడటం రెండూ ఒకే చదువులో జరుగుతాయి. నిజాయితీ రివ్యూలో రెండూ ఉండాలి, ఒకదాన్ని ఇంకోటి కొట్టేయక్కర్లేదు. ఉపన్యాసం ఎప్పుడవుతుందంటే సీను చెప్పకుండా తీర్పు చెప్పినప్పుడు. "ఈ హీరో విషపూరితం" అనేది తీర్పు. "ఆమె వద్దన్న తర్వాత అతను తలుపుకి అడ్డం నిలబడతాడు, ఆ సీనుని రచయిత రొమాంటిక్‌గా రాశారు, నాకు భయం వేసింది" అనేది స్పందన. రెండోది చదివినవాళ్లు ఆ పుస్తకం తమకి పడుతుందో లేదో తామే తేల్చుకోగలరు.

ఇంకోటి, అట్ట మీది బొమ్మని పుస్తకం ఇచ్చిన మాటగా లెక్కపెట్టకండి. రంగురంగుల కార్టూన్ అట్ట వేసిన నవల లోపల చావు, గర్భస్రావం, తాగుడు ఉండటం ఇప్పుడు మామూలే. అట్ట నిర్ణయం సాధారణంగా ప్రచురణకర్తదే. ఆ మోసం గురించి తప్పక రాయండి, చదివేవాళ్లకి పనికొస్తుంది, కానీ స్టార్లు కోయాల్సింది లోపలి పేజీలు చేసిన తప్పుకి.

వరసచదువరి:

ఇద్దరికీ ధన్యవాదాలు. తీర్పుకీ స్పందనకీ ఉన్న తేడా బాగా అర్థమైంది. నిదానం నవలల సంగతి ఎవరైనా చెప్పండి. "ఏమీ జరగలేదు" అని రాయడం తేలిక, కానీ అది పుస్తకం లోపమో నా ఓపిక లోపమో తెలియడం లేదు.

నిదానంగా:

అంచుగీత గారి పదో వంతు సూత్రం ఇక్కడ పనిచేయదని మొదటే చెప్పాలి. పర్స్యుయేషన్ మొదటి అధ్యాయం చూసి టోన్ అంచనా వేస్తే బోల్తాపడతారు. అద్దాల పిచ్చి, వంశం పిచ్చి ఉన్న తండ్రి మీద వ్యంగ్యంతో మొదలవుతుంది. ఆయన కూతురు, హీరోయిన్ యాన్ అక్కడ ఉందో లేదో అన్నట్టు ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఆమెని లెక్కచేయరని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అసలు గొంతు 4వ అధ్యాయంలో గానీ వినపడదు, వెంట్‌వర్త్‌తో ఎనిమిదేళ్ల కిందట తెగిపోయిన ఆమె నిశ్చితార్థం సంగతి చెప్పేటప్పుడు. 24 అధ్యాయాల పుస్తకంలో అది ఆరో వంతు. నిదానం నవలకి కనీసం ఐదో వంతు దాకా గడువు ఇవ్వండి.

"ఏమీ జరగలేదు" అన్న మాటని ఇలా పరీక్షించండి. ఒక్కో అధ్యాయం అయ్యాక, ఇద్దరి మధ్య దూరం మారిందా అని అడగండి. కథ కదలకపోయినా దూరం కదలాలి. వెంట్‌వర్త్, యాన్ మళ్లీ ఎదురుపడేది 7లో. ఒక వంగి నమస్కారం, చూపు సగం కలవడం, రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఆ తర్వాత ఆమె గుర్తుపట్టలేనంత మారిపోయిందని అతను అన్నాడట అన్న మాట మూడో మనిషి ద్వారా ఆమె చెవిన పడుతుంది. దూరం పెరిగింది. 9లో యాన్ మోకాళ్ల మీద కూర్చుని జబ్బుపడ్డ పిల్లాడిని చూసుకుంటుంటే, ఆ పిల్లాడి రెండేళ్ల తమ్ముడు ఆమె వీపుకి వేలాడి ఎంత చెప్పినా దిగడు. వెనక నుంచి ఎవరో వాణ్ని ఎత్తేస్తారు. మెడ చుట్టూ బిగిసిన ఆ చిన్న చేతులు విడిపించాక గానీ ఆ ఎత్తింది వెంట్‌వర్త్ అని ఆమెకి తెలియదు. కృతజ్ఞత చెప్పడానికి నోరు రాదు. అతను కూడా మాట్లాడే అవకాశం ఇవ్వకుండా పిల్లాడితో గట్టిగా ఆడుతూ ఉంటాడు. ఒక్క ప్రేమమాట లేదు, కానీ దూరం తగ్గింది. 10లో ఆమె అలిసిపోయిందని గమనించి ఎవరూ అడగకుండానే బండి ఎక్కిస్తాడు. ఇంకాస్త తగ్గింది. ఈ మూడు చోట్ల మీకు ఏమీ అనిపించకపోతే ఆ రకం నవల మీకు పడదు, అంతే. అప్పుడు "నిదానం నాకు పడదు" అని రాయండి, "నీరసంగా ఉంది" అని రాయకండి.

పుస్తకానిదే తప్పయిన నిదానం వేరు. అక్కడ ప్రతి అధ్యాయంలోనూ అదే తపన అదే మోతాదులో ఉంటుంది. అతని చేతుల వైపు చూసింది, గుండె ఝల్లుమంది, తల తిప్పుకుంది. నాలుగు అధ్యాయాల తర్వాత కూడా అవే చేతులు, అదే ఝల్లు. వరస మార్చి చదివినా తేడా తెలియని అధ్యాయాలుంటే అది నిదానం కాదు, ఆగిపోవడం. ఏ రెండు అధ్యాయాలు అటూ ఇటూ మార్చవచ్చో పేరు పెట్టి రాయండి, మీ మాటకి బలం వస్తుంది.

చివరి ఫలితం కూడా ఆలస్యానికి తగ్గట్టు ఉండాలి. ఆస్టిన్ పర్స్యుయేషన్ ముగింపుని మొదట వేరేగా రాసింది, ఆ చేతిరాత ప్రతి ఇప్పటికీ ఉంది. అందులో వెంట్‌వర్త్ వేరే ఆయన తరఫున, నువ్వు ఫలానా అతన్ని పెళ్లి చేసుకుంటున్నావా అని యాన్‌ని అడగాల్సి వస్తుంది, ఆమె కాదనగానే ఇద్దరూ కలిసిపోతారు. ఉత్తరం లేదు. దాన్ని తీసేసి ఇప్పుడున్నట్టు తిరగరాసింది: ఆడవాళ్ల ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుందా, మగవాళ్లదా అని యాన్ వేరొకరితో వాదిస్తుంటే అదే గదిలో కూర్చుని ఏదో రాస్తున్న అతను విని, అక్కడికక్కడే ఆమెకి ఉత్తరం రాస్తాడు. పుస్తకమంతా వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు పక్క నుంచి విన్నవాళ్లే, ముగింపు కూడా పక్క నుంచి వినడం వల్లనే వచ్చింది. మొదటి ముగింపులోనూ సంతోషం ఉంది, కానీ అది ఆ పుస్తకానికి పుట్టినది కాదు. నిదానం నవలల్లో "చివర్లో హడావిడి చేశారు" అని రాసేముందు ఇది చూడండి. పేజీలు తక్కువ కావడం ఒక్కటే తప్పు కాదు, అప్పటిదాకా పేర్చినవి వాడుకోకపోవడం తప్పు.

అంచుగీత:

నిదానంగా గారూ, పర్స్యుయేషన్ విషయంలో మీ మాటే సరి. పదో వంతుని నియమంగా పెట్టకుండా, హీరోయిన్ మనసులోకి మొదటిసారి దిగిన చోట ఆగమనడం మేలు. సరదా నవలల్లో అది ఎలాగూ త్వరగా వస్తుంది.

మూడోప్రతి:

స్టార్ల సంగతి, కథ బయటపెట్టకపోవడం సంగతి మిగిలాయి.

ముందుగా "ఊహించినట్టే ముగిసింది" అన్న ఫిర్యాదు ప్రేమనవలకి వద్దండీ. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవే రెండు: కథకి కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు తృప్తిగా, ఆశాజనకంగా ఉండాలి. డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరికాడని ఎవరూ స్టార్లు కోయరు కదా. పమేలా రీజిస్ అనే విమర్శకురాలు 2003లో ప్రేమనవలలో ఉండే ఎనిమిది అంశాలు చెప్పింది: చుట్టూ ఉన్న సమాజం, తొలి పరిచయం, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ చెప్పుకోవడం, అంతా పోయిందనిపించే ఘట్టం, అడ్డంకిని దాటించే గ్రహింపు, ఒకటవడం. వరస మారవచ్చు. టోన్ తేడా అంతా వీటిలో దేనికి ఎన్ని పేజీలు ఇచ్చారన్న దాంట్లోనే చాలావరకు తెలుస్తుంది. సరదా నవల పరిచయం మీదా ఆకర్షణ మీదా ఖర్చుపెడుతుంది, చీకటిది అడ్డంకి మీద, నిదానమైనది గ్రహింపు మీద. అందుకే ఒక రకానికి అలవాటుపడ్డ కన్నుకి ఇంకో రకంలో పేజీలు వృథా అయినట్టు కనిపిస్తాయి. మీ వరస సమస్యకి మూలం ఇదేనని నా అభిప్రాయం.

స్టార్లు రెండుగా ఇవ్వండి. ఒకటి, తన టోన్‌లో తను ఎంత బాగా చేసింది. రెండు, నాకు ఎంత నచ్చింది. రెంటినీ కలిపి సగటు తీయకండి, తీస్తే రెండూ అబద్ధమవుతాయి. సైటు ఒకే అంకె అడిగితే రెండోది ఇచ్చి, మొదటిది రివ్యూ మొదటి వాక్యంలో రాయండి. మొదటి అంకె వేసేటప్పుడు పోల్చాల్సింది కిందటి వారం చదివిన పుస్తకంతో కాదు, అదే రకంలో మీకు తెలిసిన మంచి పుస్తకంతో.

పుస్తకం మూసిన రోజే పచ్చి స్పందన రాసేయండి, ఇతరుల రివ్యూలు తెరవకముందే. పోస్టు చేయడం మాత్రం మర్నాడు. రాత్రి ఏడిపించిన ముగింపు పొద్దున్నకి కూడా నిలబడితే ఆ మాట ఉంచండి. నిలబడకపోతే "చదివేటప్పుడు ఏడిపించింది, తర్వాత ఆలోచిస్తే కారణం పలచగా ఉంది" అని రెండూ రాయండి.

కథ ఎంతవరకు చెప్పాలన్నదానికి నా లెక్క మొదటి పావు భాగం. ఆ తర్వాతి సంఘటన చెప్పకుండా లోపం రకం మాత్రం చెప్పండి. "చివర్లో హీరో అన్న చనిపోవడంతో హీరోయిన్ మనసు మార్చుకుంటుంది, నచ్చలేదు" బదులు "ముప్పావు దాకా ఇద్దరి స్వభావాల మీద నడిచిన గొడవ, బయటి నుంచి ఊడిపడ్డ ఒక సంఘటనతో తీరిపోతుంది. వాళ్లంతట వాళ్లు తీర్చుకోలేదు" అని రాస్తే చదివినవాళ్లకి ఏ సీనో తెలుస్తుంది, చదవనివాళ్లకి ఏమీ పోదు.

చీకటి నవలలకి ఒక్క మినహాయింపు. బలాత్కారం, ఆత్మహత్య, పిల్లల మీద హింస లాంటివి ఏ పేజీలో ఉన్నా రివ్యూ పైనే ఒక లైను హెచ్చరిక పెట్టండి. కథ తెలిసిపోతుందని దాచకండి. ఎవరికి, ఎప్పుడు అన్నది చెప్పక్కర్లేదు, ఉందని చెబితే చాలు.

వరసచదువరి:

అందరికీ మరోసారి ధన్యవాదాలు. ఇంకొక్క చిన్న సందేహం. ఆడియోలో విన్న నవలకి ఇవే పరీక్షలు పెట్టవచ్చా? పేజీ నంబర్లు ఉండవు కదా.

కిటికీపక్క:

పెట్టవచ్చు. పేజీ బదులు అధ్యాయం, నిమిషం రాసుకోండి, చాలా యాప్‌లలో బుక్‌మార్క్ నొక్కితే అదే నమోదవుతుంది. వేగం మాత్రం చూసుకోండి. సరదా సంభాషణ ఒకటిన్నర రెట్లలో విన్నా పెద్దగా చెడదు, నిదానం నవల చెడుతుంది. మాటకీ మాటకీ మధ్య చదివేవాళ్లు వదిలిన ఖాళీలు కుంచించుకుపోతాయి, ఆ ఖాళీల్లోనే ఉంటుంది దాని బలమంతా. ఇంకా, చదివే గొంతు వ్యంగ్యాన్ని నొక్కిచెబితే రచయిత అనని జోకు కూడా వినపడుతుంది, హీరోకి బొంగురు గొంతు పెడితే మామూలు మాట కూడా బెదిరింపులా ఉంటుంది. అనుమానం వచ్చిన సీనుని అచ్చులో ఒకసారి చూసి, అది పుస్తకం టోనా, గొంతు టోనా తేల్చుకున్నాకే రాయండి. రివ్యూలో "ఆడియో విన్నాను" అన్న ముక్క, విన్న వేగం కూడా వేయండి.